ఆ మూడొందల బాత్‌లు ఎవరు పెట్టారు?

అమ్మాయీ,

నీ బ్యాంకాక్ వ్యాసం చదువుతుంటే మధ్యలో కోపం వచ్చింది, ఎందుకొచ్చిందో తెలీక వెనక్కెళ్ళి మళ్ళీ చదివితే కారణం దొరికింది. "టికెట్ ఎక్కువ కావడంతో మా ఫ్రెండ్ ఒకరు గ్రాండ్ ప్యాలెస్ బయటే ఉండిపోయారు. లోపలికి అడుగుపెట్టగానే మా కళ్ళు జిగేల్మన్నాయి." ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టేసి ముందుకెళ్ళిపోయావు. ఆ పిల్ల బయట ఎండలో కూర్చుంటే నీకు లోపల కళ్ళెలా జిగేల్మన్నాయి? మెరిసే ఉంటాయిలే, కాదనను, కానీ బయట తనుందన్న సంగతి ఒక్కసారి కూడా గుర్తు రాలేదా? వచ్చే ఉంటుంది. రాయలేదంతే.

టికెట్ 500 బాత్‌లు. థాయ్ వాళ్ళకి ఉచితం, ఈ రేటు మనలాంటి బయటివాళ్ళకి. మన డబ్బుల్లో పన్నెండొందల పైమాటే. నువ్వు ఆ అంకె కూడా వెయ్యకుండా 'ఎక్కువ' అని వదిలేశావు. ఎవరికి ఎక్కువ? మీ ముగ్గురికీ కాలేదు, తనకయింది. నీ వ్యాసం మొత్తం ఆ తేడాలోనే ఉంది. దాన్నొదిలేసి ప్యాలెస్ కట్టడం 1782లో మొదలైందనీ, లోపలున్న గుడి చుట్టూ గోడల మీద 178 చిత్రాలున్నాయనీ రాశావు, అవి ఫోనులో ఎవరికైనా దొరుకుతాయి. పోనీ ఆ గోడల మీద ఉన్నది రామాయణమే కదా, వాళ్ళు రామకియెన్ అంటారు, వాళ్ళ హనుమంతుడు బ్రహ్మచారి కాదు, రావణుడి కూతురైన మత్స్యకన్యని ప్రేమిస్తాడు, ఆంజనేయ దండకం వింటూ పెరిగిన మీరు అది విని ఏమనుకున్నారు? అదీ లేదు.

ఆ తర్వాత వాట్ ఫో గుడి. 46 మీటర్ల పొడుగున పడుకున్న బుద్ధుడు, వెనకవైపు గోడ పొడుగునా 108 కంచు గిన్నెలు, ఇరవై బాత్‌లిస్తే ఆ గిన్నెల్లో ఒక్కోటీ వేసుకుంటూ పోవడానికి కాస్త చిల్లర ఇస్తారు. "మేం నలుగురం కలిసి ఒక్కళ్ళ చిల్లరే కొనుక్కుని పంచుకున్నాం, ఒకళ్ళు వదిలేసిన గిన్నెలో ఇంకొకళ్ళు వేశాం" అని రాశావు చూడు, ఆ వాక్యం బావుంది. ఎక్కడా చదివి రాసింది కాదు.

కానీ నలుగురం అన్నావే! ప్యాలెస్ బయట ఆగిపోయిన అమ్మాయి ఇక్కడ మీతో కలిసి చిల్లర వేస్తోంది. వాట్ ఫో టికెట్ కూడా 300 బాత్‌లు. అవి ఎవరు పెట్టారు? తనే పెట్టుకుందా, ప్యాలెస్ మానుకుంది దీనికోసమేనా? లేక మీలో ఎవరో అడక్కుండా నాలుగు టికెట్లు తీసేశారా? తీస్తే తన మొహం ఎలా ఉంది, "తర్వాత ఇచ్చేస్తా" అందా, మీరు "పర్లేదులే" అన్నారా? ఆ "పర్లేదులే" తర్వాత నడక ఎలా సాగింది? ప్యాలెస్‌కీ వాట్ ఫోకీ మధ్య మహా అయితే పదిహేను నిమిషాల నడక, నాకు ఆ పదిహేను నిమిషాలు కావాలి. బుద్ధుణ్ణి నేనూ చూశాను.

తక్కువ డబ్బుతో ఊరు చూసేవాళ్ళకి ప్రతి గంటా ఏదో ఒకటి తేల్చుకోవాల్సి వస్తుంది, రాయాల్సింది అదే అని నా గట్టి నమ్మకం. చావ్ ఫ్రాయా నదిలో నారింజ జెండా పడవ 16 బాత్‌లు, టూరిస్టుల పడవ అంతకి డబల్ పైనే. మీరు ఎక్కింది నారింజదే అంటున్నావు, మరి ముందు వచ్చిన టూరిస్టు పడవని వదిలేసి నిలబడ్డప్పుడు విసుక్కున్నది ఎవరు? సాయంత్రం వాట్ అరుణ్‌ని ఇవతల గట్టునుంచే చూశామని స్వర్ణకాంతులూ అవీ రాశావు. ఐదు బాత్‌లకి నది దాటించే బల్లకట్టు లాంటి పడవ ఉందక్కడ, కానీ అవతల గుడి టికెట్ 200, అందుకే కదా దాటలేదు? ఆ ఒక్క మాట రాసుంటే నీ స్వర్ణకాంతి నాకు నిజంగా కనబడేది.

లెక్కలు రాస్తే సాహిత్యం చిన్నబోదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారు మజిలీ మజిలీకీ అంగళ్ళున్నాయా, నీళ్ళు దొరుకుతాయా, దిగడానికి చోటుందా అని రాసుకుంటూ వెళ్ళారు, అందుకే ఇవాళ చదివినా ఆయన పల్లకీ పక్కన మనం నడుస్తున్నట్టు ఉంటుంది. ఆయన దగ్గర మొదలైన తెలుగు యాత్రారచన చివరికి "తప్పక చూడాల్సిన 10 ప్రదేశాలు" దగ్గరికొచ్చి పడింది, ఇప్పుడు రీల్స్, అందులో అందరూ ఒకే మెట్టు మీద నిలబడి ఒకేలా వెనక్కి తిరుగుతారు.

ఎడిటర్ల పాపం కూడా ఉంది ఇందులో. తొంభైల చివర్లో, ఉద్యోగం లేని రోజుల్లో, నేనూ ఇంకో ముగ్గురూ గోరఖ్‌పూర్ దాకా రైల్లో వెళ్ళి సునౌలీ దగ్గర బార్డర్ దాటి బస్సులో ఖాట్మండు చేరాం. మన వందకి వాళ్ళ నూట అరవై, అదే మాకు ధైర్యం. ఉమ్మడి డబ్బు ఒకడి దగ్గర ఉండేది, వాడు రెండో టీ తాగనిచ్చేవాడు కాదు, స్వయంభూనాథ్ మెట్లన్నీ ఎక్కాక పైన చలిలో టీ దగ్గర గొడవపడి దిగేదాకా మాట్లాడుకోలేదు. అదంతా రాసి ఒక వారపత్రికకి పంపితే ఆ ఎడిటర్ గారు "పాఠకులకి మీ చిల్లర గొడవలెందుకండీ" అని టీ కొట్టేసి, లెక్కలు కొట్టేసి, మంచుకొండలు మాత్రం ఉంచి అచ్చేశారు. డబ్బు పట్టుకున్నవాడు అది చదివి "ఇందులో మనం లేం కదరా" అన్నాడు. ఆ ఎడిటర్ మీద నాకు కోపం ఇవాళ్టికీ పోలేదు.

యాసలో రాయొచ్చా అన్నావు, రాయి, మీరు నలుగురూ ఆ పడవలో మాట్లాడుకున్న భాషలోనే రాయి. ప్యాలెస్ మూసేశారని చెప్పి ఎక్కించుకుపోబోయిన టుక్‌టుక్ వాడికి పేజీన్నర ఇచ్చావు, నాలుగు లైన్లు చాలు, బ్యాంకాక్ వెళ్ళిన ప్రతివాళ్ళూ అది రాస్తారు.

ఇప్పుడు మీరు ఖర్చులు పంచుకునే ఆ స్ప్లిట్‌వైజ్ యాప్ తెరిచి ఆ రోజు లెక్క చూడు. వాట్ ఫో టికెట్లు నాలుగూ కలిపి ఒకళ్ళ పేరు మీద ఉన్నాయా, విడివిడిగా ఉన్నాయా, అసలు ఎక్కించకుండా వదిలేశారా? తర్వాత ఆ అమ్మాయికి ఫోన్ చేసి, మీరు లోపలున్నంతసేపూ తను బయట ఏం చేసిందో అడుగు. చెప్పనంటే బలవంతపెట్టకు, నువ్వు చూసినంతే రాయి. చెప్తే మాత్రం, రాసింది ముందు తనకి చదివి వినిపించి, తను సరేనన్నాకే నాకు పంపు.