ముందు ఆ గది సంగతి అడుగు

కడప

చిరంజీవి పాపకు, మామ దీవెనలు.

నిన్న పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ కోడలు హైకోర్టులో కేసు వేస్తుందంట. పోలీసులు కాని డిపార్టుమెంట్లకు తుపాకులెందుకు, అరెస్టు చేసే అధికారమెందుకు అని. నువ్వన్నా చెప్పు" అని ఒకటే టెన్షన్. సరే అని ఫోన్ పెట్టేసి చాలాసేపు వరండాలో కూర్చున్నాను. ముప్పై మూడేళ్లు ఖాకీ వేసుకుని అడవుల్లో తిరిగినవాణ్ణి. నేను ఎత్తుకుని తిప్పిన పిల్ల నా ఖాకీ మీదే ప్రశ్న వేస్తోందంటే ముందు మనసు చివుక్కుమంది. సాయంత్రానికి గర్వంగా అనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. సమాచార హక్కు దరఖాస్తు శాఖకొకటి వెయ్యి. అడవి, ఎక్సైజ్, రవాణా, గనులు అన్నీ ఒకే కాగితంలో కుక్కితే ఒకరి మీద ఒకరు తోసేసుకుంటారు. ముప్పై రోజులు దాటిన మర్నాడే అప్పీలు వెయ్యి. మీ సీనియర్‌కు చూపించకుండా ఒక్క కాగితం కూడా దాఖలు చెయ్యకు. దరఖాస్తులో ఎన్ని తుపాకులు ఉన్నాయని ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. ఎవరి ఉత్తర్వు మీద ఇచ్చారు, పట్టుకున్నవాళ్లకు చివరిసారి శిక్షణ ఎప్పుడిచ్చారు, ఎన్ని తూటాలు ఇచ్చారు, ఎన్ని వెనక్కి వచ్చాయి, ఇవన్నీ అడుగు.

ఇక నాకు నచ్చని మాట. అందరి దగ్గరా తుపాకులు లాగేయాలని రాస్తున్నావంట. వద్దమ్మా. 2013 డిసెంబరులో శేషాచలంలో ఎర్రచందనం కూలీలను అడ్డుకోబోయిన ఇద్దరు అటవీ అధికారులను కొట్టి చంపారు. ఆ వార్త విన్న రోజు మీ అత్త నా చెయ్యి వదల్లేదు. ఏడాదిన్నర తిరక్కుండానే, 2015 ఏప్రిల్ 7న, అదే శేషాచలంలో టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన ఇరవై మంది చనిపోయారు. పొట్టకూటికి కొండెక్కిన మనుషులు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుని పిటిషన్ రాయి. ఒకటే రాస్తే సగమే రాసినట్టు.

నల్లమలలో నేను పనిచేసిన రోజుల్లో అన్నలు లాక్కుపోతారని మా తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో అప్పగించి, ఉత్త కర్రలతో తిరిగాం. భయం వేసింది, నిజమే. కానీ చెంచుగూడేల్లో జనం మాతో కూర్చుని మాట్లాడింది ఆ రోజుల్లోనే. ఎవరు కొత్తగా వచ్చారో, ఏ దారిన బండి వెళ్లిందో మేం అడక్కుండానే చెప్పేవాళ్లు.

ఇప్పుడు రాయబోయేది మీ అమ్మకు కూడా తెలియదు.

1998 ఎండాకాలం. ఏ రేంజో రాయను. లంకమల కొండల కింద అనుకో. తెల్లవారుజామున గస్తీలో నాలుగు ఎర్రచందనం దుంగలు దొరికాయి. మోసినవాళ్లు పారిపోయారు. కాస్త దూరంలో ఒకాయన మేకలతో కనిపించాడు. భుజాన గొడ్డలి ఉంది. మేకలకు కొమ్మలు నరికేవాళ్లందరి దగ్గరా గొడ్డలి ఉంటుంది, అది నాకు తెలియక కాదు. దుంగలు దొరికి మనిషి దొరక్కపోతే పైవాళ్లకు ఏం చెప్పాలన్న ఆలోచనే ఆ పూట నా తలలో ఉంది. తీసుకొచ్చి ఆఫీసు వెనక స్టోర్ గదిలో పెట్టాను. కిటికీ లేని గది. పట్టుకున్న కట్టెలు, సైకిళ్లు అందులోనే పడేసేవాళ్లం.

మధ్యాహ్నం ముందు గదిలోకి పిలిచి వాంగ్మూలం రాయడం మొదలుపెట్టాను. నా రెండు గొట్టాల తుపాకీ బల్ల మీద పెట్టాను. ఆయన వైపు గురి పెట్టలేదు, బెదిరించలేదు, చెయ్యి చేసుకోలేదు. భుజం నొప్పిగా ఉండి పక్కన పెట్టానంతే. కానీ నేను అడిగినంతసేపూ ఆయన నా మొహం చూడలేదు, ఆ గొట్టాల వైపే చూశాడు. ఏది అడిగినా "అవును సార్" అన్నాడు. దుంగలు నీవేనా అంటే అవును సార్. మొదటిసారా అంటే అవును సార్. ముందు కూడా చేశావా అంటే దానికీ అవును సార్. రెండు జవాబులూ ఒకే మనిషివి ఎట్లా అవుతాయని నా కలం ఆగాల్సింది, ఆగలేదు. మొదటి జవాబు కొట్టేసి రెండోది ఉంచాను. వేలిముద్ర వేసేటప్పుడు ఆయన బొటనవేలు వణికి సిరా మచ్చ రెండుగా పడింది.

ఆయన భార్య సద్దిమూట తెచ్చుకుని బయట కానుగ చెట్టు కింద కూర్చుంది. రెండు పగళ్లు, రెండు రాత్రులు. జీపు లేదు, డ్రైవర్ లేడు, మర్నాడు మెజిస్ట్రేట్ సెలవు అని నాకు నేను చెప్పుకున్న కారణాలన్నీ నిజమే. మూడో రోజు కోర్టుకు తీసుకెళ్తూ కాగితంలో "ఈ రోజు ఉదయం ఆరు గంటలకు అరెస్టు" అని రాశాను. పట్టుకున్న మనిషిని ఇరవై నాలుగు గంటల్లోపు మెజిస్ట్రేట్ ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుందని నాకు బాగా తెలుసు. అందుకే ఆరు గంటలని రాశాను.

మెజిస్ట్రేట్ అడిగారు, "నిన్ను ఎప్పుడు పట్టుకున్నారు?" అని. ఆయన నా వైపు తిరిగి చూశాడు. ఒక్క క్షణం. తర్వాత "ఈ పొద్దునే సార్" అన్నాడు.

నా కోసం అబద్ధం చెప్పాడు పాపా. నేను ఏమీ అనకుండానే.

బెయిలు దొరికేసరికి మేకలు సగం అమ్ముకున్నారని తర్వాత తెలిసింది. నేను ఆ ఊరికి వెళ్లలేదు. వెళ్లి ఉండాల్సింది.

ఆ మొదటి రోజు సాయంత్రం నేను చేసిన ఇంకో పని ఇన్నేళ్లుగా కళ్లముందు ఆడుతూనే ఉంది. ఆయుధాల రిజిస్టర్ తీసి, అయిదు తూటాలు తీసుకున్నాను, అయిదూ జమ చేశాను అని రాసి సంతకం పెట్టాను. ఒక్క తూటా తేడా వచ్చినా ఉద్యోగం పోతుందని రెండుసార్లు లెక్కపెట్టాను. గోడకు అవతల గదిలో ఒక మనిషి ఉన్నాడు. ఆయన వచ్చినట్టు ఏ రిజిస్టర్లోనూ లేదు.

అందుకే తుపాకీ కన్నా ముందు ఆ గది సంగతి అడుగు. పోలీసు కాని ఏ ఆఫీసులోనైనా ఒక మనిషిని కూర్చోబెడితే వచ్చిన టైము ఎక్కడ రాస్తారు, ఇంట్లోవాళ్లకు ఎవరు చెబుతారు, లాయరును రానిస్తారా అని. డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు అరెస్టు మెమో రాయాలి, టైము వెయ్యాలి, ఇంటివాళ్లో ఊరి పెద్దలో సాక్షి సంతకం పెట్టాలి అంది. అవన్నీ పోలీసోళ్లకు మాత్రమే అనుకున్నాం మేము. రెవెన్యూ ఇంటెలిజెన్స్, ఎన్‌ఫోర్స్‌మెంట్ లాంటి శాఖలూ మనుషులను పట్టి ఉంచుతున్నాయని ఆ తీర్పులోనే ఉంది, చదివి చూడు.

వాంగ్మూలం సంగతి రెండోది. పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని 1872 సాక్ష్య చట్టం నుంచీ ఉంది. నేను పోలీసును కాదు కాబట్టి నా ముందు వేసిన ఆ వేలిముద్ర చెల్లింది. తూఫాన్ సింగ్ కేసులో 2020లో సుప్రీంకోర్టు మత్తుమందుల కేసులు పట్టే అధికారులకూ ఆ అడ్డు వర్తిస్తుందని చెప్పింది. 2025 ఫిబ్రవరిలో రాధికా అగర్వాల్ కేసులో కస్టమ్స్, జీఎస్టీ అధికారులు పోలీసులు కారంటూనే, అరెస్టయిన మనిషికి ఉండే రక్షణలు అక్కడా ఉండాలంది. నీ వాదన ఈ దారిలో నడిస్తే జడ్జి వింటారు. మన రాష్ట్రంలోనే 2020లో ఎక్సైజ్ సిబ్బందిని పోలీసుల కింద చేర్చి స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో పెట్టారు, 2024లో ఎత్తేశారు. ఒక శాఖకు పోలీసు అధికారం ఇవ్వడం, తీసెయ్యడం సర్కారు తలుచుకుంటే అయ్యే పనే అనడానికి అది చూపించు.

కూలీల ఇళ్లకు ఒక్కదానివే వెళ్లొద్దు. చెబితే వినవని తెలుసు, అయినా చెబుతున్నా. చీకటి పడ్డాక కొండ కింది ఊళ్లలో ఉండొద్దు. స్మగ్లర్ల డబ్బు ఏ రూపంలో వచ్చినా, బస్సు టికెట్ అయినా సరే, ముట్టుకోవద్దు. అది ఒక్కసారి ముట్టుకుంటే ఆ మేకలాయన కేసు కూడా వాళ్ల కేసు అయిపోతుంది. అనంతపురం నుంచి అమరావతికి వెళ్లేటప్పుడు రాత్రి బస్సు ఎక్కి నిద్రలేకుండా కోర్టులో నిలబడొద్దు, ముందురోజే వెళ్లు. భోజనం మానేసే అలవాటు ఇంకా పోలేదని మీ అమ్మ చెప్పింది. దానికి వేరే తిట్లు ఉన్నాయి.

పిటిషన్‌తో పాటు ఒక అఫిడవిట్ కావాలి కదా, లోపల పనిచేసినవాళ్లది. నాది పెట్టు. టైము మార్చింది నేనేనని రాసిస్తాను. పింఛనుకు ఏమన్నా ఇబ్బంది వస్తుందేమోనని మీ అత్తకు భయం. నిన్న రాత్రి ఆమెకూ మొత్తం చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఆయమ్మ ఇంకా ఉందా?" అని అడిగింది.

ఆదివారం రా. నువ్వు ఖాళీ స్టాంపు కాగితం తీసుకురా, నేను ఆ ఊరి పేరు చెబుతాను. ఇద్దరం కలిసి వెళ్దాం.

మీ మామ