సింగిల్స్ ఆపేసి డబుల్స్ ఆడించమంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. ఎనిమిదేళ్లుగా టెన్నిస్ ఆడుతున్నాడు. అండర్-18లో ఐటా (అఖిల భారత టెన్నిస్ సంఘం) ర్యాంకు ఉంది కానీ సింగిల్స్‌లో రెండో రౌండు దాటడం కష్టంగా ఉంది. డబుల్స్‌లో మాత్రం రెండుసార్లు ఫైనల్‌కి వెళ్లాడు. 'సింగిల్స్ వదిలేద్దాం, బోపన్నలాగా డబుల్స్ స్పెషలిస్టుని చేద్దాం, చదువు ఓపెన్‌లో కట్టిద్దాం' అంటున్నారు కోచ్. ఇప్పటికే అప్పు చేసి ఆడిస్తున్నాను. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: కోచ్ గారు బోపన్న పేరు ఎత్తారు కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడదాం. రోహన్ బోపన్న 2024లో మాథ్యూ ఎబ్డెన్‌తో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచి, 43 ఏళ్ల వయసులో ప్రపంచ నంబర్ 1 అయ్యాడు. ఇది అందరికీ తెలిసిన ముక్కే. ఆయన పురుషుల డబుల్స్‌లో తొలి గ్రాండ్‌స్లామ్ ఫైనల్ ఆడింది మాత్రం 2010లో, యూఎస్ ఓపెన్‌లో. ఆ ఫైనల్ నుంచి టైటిల్ దాకా పట్టింది పద్నాలుగేళ్లు. అంతకుముందు ఏళ్ల తరబడి సింగిల్స్ కూడా ఆడి 213వ ర్యాంకు వరకు వెళ్లాడు. యూకీ భాంబ్రీ సంగతీ చూడండి. 2009లో ఆస్ట్రేలియన్ ఓపెన్ జూనియర్ సింగిల్స్ విజేత, 2018లో సింగిల్స్‌లో 83వ ర్యాంకు. గాయాలు వదలకపోయేసరికి డబుల్స్‌కి మళ్లాడు. 2025 యూఎస్ ఓపెన్ డబుల్స్‌లో సెమీస్ దాకా వచ్చాడు. వీళ్లిద్దరిలో ఎవరూ పదహారేళ్లకే సింగిల్స్ మానేయలేదు.

దీనికి కారణం ఉంది. టోర్నీలో డబుల్స్‌కి ఎంట్రీ దొరకాలంటే ఇద్దరి ర్యాంకులూ కలిపి చూస్తారు. మీవాడిది 400, జోడీగా వచ్చేవాడిది 350 అయితే మొత్తం 750. అంతకంటే తక్కువ మొత్తం ఉన్న జంటలకే ముందు చోటు. ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్) టూర్‌లో కింది మెట్టయిన 250 స్థాయిలో మామూలుగా డబుల్స్ డ్రా, అంటే ఆడే జంటల జాబితా, 16 జంటలదే. సింగిల్స్ ఆడేవాళ్లు తమ సింగిల్స్ ర్యాంకు చూపించి కూడా డబుల్స్‌లోకి వస్తారు, అంటే ఆ పదహారులోనూ మీవాడికి పోటీ రెండు వైపుల నుంచి ఉంటుంది. డబుల్స్ ర్యాంకు జంటకి కాదు, మనిషికి ఇస్తారు. అందుకని జోడీలు తరచూ మారుతుంటాయి. నిన్నటిదాకా కలిసి ఆడినవాడు మంచి ర్యాంకున్న వేరొకడు దొరికితే అటు వెళ్లిపోతాడు. ఇందులో ద్రోహమేమీ లేదు, అది వాళ్ల పని పద్ధతి. వారం వారం ఫోన్లు చేసి జోడీ వెతుక్కోవడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. మీవాడు నలుగురితో కలిసిపోయే మనిషేనా? ర్యాకెట్ ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

ఆట తీరు కూడా వేరు. ఏటీపీ టూర్‌లో డబుల్స్ గేమ్ 40-40కి వస్తే డ్యూస్ (వరుసగా రెండు పాయింట్లు గెలవాల్సిన పద్ధతి) ఉండదు, ఒక్క పాయింటుతో తేల్చేస్తారు. చెరో సెట్ గెలిస్తే మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేక్. సర్వీస్, రిటర్న్, నెట్ దగ్గర చేతివాటం బాగున్నవాడికి ఇది కలిసొస్తుంది. కాకపోతే గట్టి జంట కూడా రెండు మూడు పాయింట్ల తేడాతో మొదటి రౌండులోనే ఇంటికి రావచ్చు. ఆ వారం విమానం టికెట్టూ హోటల్ బిల్లూ మాత్రం మారవు.

ఇక డబ్బు. 2025 వింబుల్డన్‌లో సింగిల్స్ విజేతకి 30 లక్షల పౌండ్లు ఇస్తే, డబుల్స్ గెలిచిన జంటకి ఇద్దరికీ కలిపి 6,80,000 పౌండ్లు. ఇది కొండ శిఖరం మాట. మీవాడు మొదలుపెట్టబోయే చోటు ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) ఎం15 టోర్నీలు, ప్రొఫెషనల్ టెన్నిస్‌లో అట్టడుగు మెట్టు. అక్కడ సింగిల్స్, డబుల్స్ అన్నీ కలిపి ప్రైజ్ మనీ 15,000 డాలర్లు. డబుల్స్ టైటిల్ కొట్టిన జంటకి వెయ్యి డాలర్లు కూడా రావు, అదీ ఇద్దరూ పంచుకోవాలి. డబుల్స్ మాత్రమే ఆడి ఈ మెట్టు మీద బతకడం ఎవరివల్లా కాదు. అప్పు చేసి ఆడిస్తున్నానన్నారు కాబట్టి ఈ లెక్క దాచకుండా చెబుతున్నాను.

డబుల్స్‌లో ఒక వెసులుబాటు ఉంది: వయసు. ముప్పై దాటాక బాగా ఆడేవాళ్లు ఇక్కడ చాలామంది. కాబట్టి ఇప్పుడే తేల్చేయాలన్న తొందర లేదు, చదువుకోవడానికి టైముంది. నేను చెప్పే దారి అమెరికా కాలేజీ టెన్నిస్. 2025 వింబుల్డన్ పురుషుల డబుల్స్ గెలిచిన జూలియన్ క్యాష్, లాయిడ్ గ్లాస్‌పూల్ ఇద్దరూ అక్కడి యూనివర్సిటీల్లో ఆడి వచ్చినవాళ్లే. మన తెలుగువాడు సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీలో ఆడాడు. తర్వాత 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రామ్‌కుమార్ రామనాథన్‌తో పురుషుల డబుల్స్ రజతం తెచ్చాడు, అప్పటికి 35 ఏళ్లు. హైదరాబాద్ కుర్రాడు రిత్విక్ బొల్లిపల్లి 2024లో అల్మాటీలో ఏటీపీ టైటిల్ గెలిచినప్పుడు జోడీగా ఉన్న అర్జున్ కాధే కూడా అమెరికాలోని ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో ఆడినవాడే.

అక్కడ రెండు కాలేజీలు తలపడితే ముందు మూడు డబుల్స్ మ్యాచ్‌లు, తర్వాత ఆరు సింగిల్స్. డబుల్స్ మూడూ కలిపి ఒకే పాయింటు, సింగిల్స్‌లో ఒక్కోదానికి ఒకటి. అంటే డబుల్స్ బాగా ఆడేవాణ్ని కోచ్‌లు ఇష్టపడతారు, సింగిల్స్ అసలు ఆడనివాణ్ని మాత్రం తీసుకోరు. మీ కోచ్ సలహా పాటిస్తే ఈ తలుపు మీ చేతులతో మీరే మూసుకున్నట్టు.

కాబట్టి ఓపెన్‌లో కట్టించే ఆలోచన ఇప్పుడే వద్దు. ఆ యూనివర్సిటీలు తొమ్మిదో తరగతి నుంచీ సబ్జెక్టులు, మార్కులు చూస్తాయి. ఇంటర్ రెగ్యులర్‌గానే చదివించి, శాట్‌కి (అమెరికా కాలేజీ అడ్మిషన్ల పరీక్ష) ప్రిపేర్ చేయించండి. ఈ ఏడాది దూరపు టోర్నీలు తగ్గించి, వెళ్లిన ప్రతిచోటా సింగిల్స్, డబుల్స్ రెండూ ఆడించండి. మ్యాచ్‌లు వీడియో తీయండి, కాలేజీ కోచ్‌లకి పంపడానికి అవి కావాలి. మగపిల్లలకి పూర్తి స్కాలర్‌షిప్ అరుదు, చాలావరకు కొంత భాగమే ఇస్తారు. మిగతాది ఎంతవుతుందో ముందే రాతపూర్వకంగా అడగండి. మీ బడ్జెట్‌కి అందకపోతే ఇక్కడే ఇంజినీరింగ్‌లో చేరి యూనివర్సిటీ టెన్నిస్ ఆడొచ్చు, అడ్మిషన్లలో స్పోర్ట్స్ కోటా ఉంది. ఐటా సర్టిఫికెట్లు, డ్రా షీట్లు అన్నీ ఒక ఫైల్‌లో పెట్టండి. ఇంకో అప్పు మాత్రం చేయకండి.