వానాకాలంలో లేడెన్ జాడీకి విద్యుత్ రవ్వ ఎందుకు రాదు?

ప్రశ్న: మా అమ్మాయి వైజ్ఞానిక ప్రదర్శన కోసం పాత హార్లిక్స్ గాజు సీసాలో ఉప్పునీరు పోసి, బయట అల్యూమినియం రేకు చుట్టి లేడెన్ జాడీ (విద్యుత్ ఆవేశాన్ని నిల్వ చేసే సీసా) చేసింది. ఉన్నిగుడ్డతో రుద్దిన పీవీసీ గొట్టంతో ఆవేశం ఎక్కిస్తే సంక్రాంతి రోజుల్లో చక్కగా రవ్వ వచ్చేది, ఇప్పుడు రావడం లేదు. గాజు చెడిపోయిందా? ఒకసారి ఆవేశం దింపేశాక కూడా కాసేపటికి చేతికి చురుక్కుమంటోంది, ఎందుకు? ఏడు సీసాలు కలిపి పాత టీవీలోని హైవోల్టేజి ఇవ్వవచ్చా?
– ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: గాజు చెడిపోలేదు. సముద్రపు గాలిలోని తేమ, దానితో వచ్చే ఉప్పు గాజుపై పలుచని పొరగా పట్టి, సీసా మూతి నుంచి బయటి రేకు దాకా ఆవేశం జారిపోయే దారిని ఏర్పరుస్తాయి. ఉన్ని, గొట్టం కూడా తడిగాలిలో సరిగా ఆవేశం పొందవు. 1746లో నెదర్లాండ్స్‌లోని లేడెన్ నగరంలో ముషెన్‌బ్రూక్ అనే శాస్త్రవేత్త ప్రయోగించిన సీసాలోనూ నీరే ఉండేది గానీ, ఆ తర్వాత లోపలా రేకు అంటించే పద్ధతి స్థిరపడింది. మీ అమ్మాయినీ అలాగే చేయమనండి, ఎందుకంటే ఉప్పునీరు ఒలికితే మూతి లోపలి గోడ తడుస్తుంది. పైన మూడో వంతు గాజును రెండు వైపులా ఖాళీగా వదిలి, స్పిరిట్‌తో తుడిచి, బాగా ఆరనిచ్చి, ఆ భాగానికి స్పిరిట్‌లో కరిగించిన లక్క పూయాలి. రేకు అంచుల్లో మొనలు ఉండకూడదు, మొనల నుంచి ఆవేశం గాలిలోకి పోతుంది.

ఆవేశం దింపాక మళ్లీ చురుక్కుమనడం గాజు స్వభావమే. గాజు లోపలి అణువులు విద్యుత్ క్షేత్రానికి లోబడి ఒరిగి ఉంటాయి. తీగ తాకించిన క్షణంలో అవన్నీ యథాస్థితికి రావు, కొన్ని నెమ్మదిగా సర్దుకుంటూ రేకులపై కొంత ఆవేశాన్ని తిరిగి కనబరుస్తాయి.

టీవీ సంగతికి నా జవాబు వద్దనే. మూడు మిల్లీమీటర్ల గాజు మందం, సుమారు 300 చదరపు సెంటీమీటర్ల రేకు ఉన్న సీసా కెపాసిటీ (ఆవేశాన్ని నిల్వ చేసే సామర్థ్యం) దాదాపు అర నానోఫారడ్; 10,000 వోల్టుల వద్ద అందులో నిలిచే శక్తి 0.025 జౌల్ మాత్రమే. వోల్టేజి రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది కనుక, 20,000 వోల్టుల వద్ద ఏడు సీసాలను సమాంతరంగా (లోపలివన్నీ ఒకటిగా, బయటివన్నీ ఒకటిగా) కలిపితే అది 0.7 జౌల్ అవుతుంది. గొట్టం ఒక్కో రాపిడికీ కొద్ది ఆవేశమే ఇస్తుంది కాబట్టి చేతికి తగిలినా అంతటితో ఆగిపోతుంది. రంగుల టీవీ పిక్చర్ ట్యూబుకు వెళ్లే సుమారు 25,000 వోల్టుల సరఫరా మాత్రం కరెంటు ఇస్తూనే ఉంటుంది, పైగా చాలా టీవీల చాసిస్ (లోపలి లోహపు చట్రం) నేరుగా ఇంటి కరెంటుతో కలిసి ఉంటుంది. పదో తరగతి పిల్లకు ఆ పెట్టె తెరిచే అవసరమే లేదు. రవ్వ పొడవు పెరగాలంటే పొడి వాతావరణంలో మరికొన్ని సార్లు రుద్దితే చాలు.

ఆవేశం దింపేటప్పుడు ప్లాస్టిక్ పిడి ఉన్న తీగను ముందు బయటి రేకుకు, తర్వాత సీసా మూతి గుండా లోపలికి దిగే లోహపు కడ్డీకి తాకించి, నిమిషం ఆగి మళ్లీ తాకించాలి. తర్వాత ఆ రెంటినీ తీగతో కలిపి కట్టేసి జాడీని అలమరలో పెట్టించండి. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవారిని ప్రయోగం దగ్గరకు రానివ్వకండి.