రేడియో కోసం తీసేసిన చరణం

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా నల్లజాతి గాయకుడు శామ్ కుక్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివానమ్మా. ‘వివక్ష’ అన్న మాట పదకొండుసార్లు కనిపించింది. అది ఏ ఊళ్లో, ఏ గుమ్మం దగ్గర ఎదురైందో మాత్రం ఎక్కడా లేదు.

1963 అక్టోబరు. లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్. అప్పటికే దేశమంతా పేరున్న గాయకుడు భార్యతో వచ్చి, ముందుగా ఫోనులో మాట్లాడుకున్న గదులు అడిగాడు. మనిషి రంగు చూశాక గదులు లేవన్నారు. ఆయన కదలనన్నాడు. చంపేస్తారు, వెళ్లిపోదామని భార్య బతిమాలింది. కారు హారన్ మోగిస్తూ వెళ్లినందుకు, శాంతికి భంగం కలిగించాడని పోలీసులు పట్టుకున్నారు. నీ వ్యాసం ఆ హోటల్ కౌంటరు దగ్గర మొదలుకావాలి.

ఆ తర్వాత కుక్ ‘ఎ చేంజ్ ఈజ్ గానా కమ్’ (మార్పు వస్తుంది) పాటను 1964 జనవరి 30న రికార్డు చేశాడు. నది ఒడ్డున చిన్న డేరాలో పుట్టానంటూ ఎత్తుకుంటాడు. చర్చి పాటలతో పెరిగిన గొంతు అది. ఒక చరణంలో, సినిమాకు వెళ్తాను, బజారుకు వెళ్తాను, ఇక్కడ తిరగకని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు అంటాడు. అంతే. తిట్టు లేదు, నినాదం లేదు. అయినా ఆ డిసెంబరులో ఆ పాటను విడి రికార్డు (సింగిల్)గా వేసినప్పుడు, రేడియో కోసం తీసేసింది సరిగ్గా ఆ చరణాన్నే. నది ఉంది, డేరా ఉంది, మార్పు వస్తుందన్న ఆశ ఉంది. సినిమా హాలు పోయింది. అది విడుదలయ్యేనాటికి కుక్ బతికి లేడు. తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు రగిలిపోతుంది.

అమ్మా, నీ వ్యాసానికి నువ్వే ఆ కత్తెర వేసుకున్నావు. ఆశ గురించి రెండు పేజీలున్నాయి, హాలు గుమ్మం లేదు.

కోపంగా రాస్తే చదువుతారా అని అడిగావు. 1963 సెప్టెంబరులో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో, నల్లజాతివాళ్ల చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ఆ వార్త విని నల్లజాతి గాయని నీనా సిమోన్ ముందు తుపాకీ తయారు చేయబోయింది. ఆ తర్వాత పియానో ముందు కూర్చుని గంటలోపే పాట కట్టింది. అలబామా, టెనెసీ, మిసిసిపీ అని రాష్ట్రాల పేర్లు పెట్టి మరీ నిలదీసింది. నీ కోపాన్నీ అలాగే పేర్లు పెట్టి రాయి.

తిరగరాసే ముందు, విడి రికార్డు పక్కనపెట్టి ఆల్బమ్‌లోని పూర్తి పాట విను. ఆ చరణం వచ్చేచోట ఆపి, మళ్లీ విను. తొందరేమీ లేదు, రాశాక పంపు.