నౌపడ ఉప్పు మడిలో ఎర్ర నీళ్లు

ప్రశ్న: మేడమ్, మాది నౌపడ దగ్గర పల్లె. నాన్న ఉప్పు మడులు చేస్తారు. నేను మైక్రోబయాలజీతో డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. ఎండలు ముదిరాక మడుల్లో నీళ్లు ఎర్రబడతాయి. అది సూక్ష్మజీవుల వల్లేనంటే ఇంట్లో నమ్మలేదు. పీజీలో వాటి మీదే ప్రాజెక్టు చేస్తానంటే, 'ఉప్పునీళ్లలో ఏముంటుంది? కొత్తవన్నీ అమెరికాలోనే కనిపెడతారు' అన్నారు బంధువు ఒకాయన. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక విద్యార్థిని, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, నువ్వు చెప్పింది నిజమేనని ముందు నాన్నగారికి చెప్పు. ఆ ఎరుపు హాలో ఆర్కియా అనే జీవులది, వాటితో పాటు డునాలియెల్లా అనే నాచుది. మిగతా జీవులు చచ్చిపోయేంత ఉప్పులోనే ఇవి బతుకుతాయి. ఎండ దెబ్బ తగలకుండా ఒంట్లో ఎర్ర రంగు తయారు చేసుకుంటాయి. ఆ రంగు వేడిని పీల్చుకుంటుంది కాబట్టి నీరు త్వరగా ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. అంటే అవి మీ నాన్నగారికి సాయం చేస్తున్నాయి.

1994లో ఎమ్మెస్సీ చదువుతూ నేనూ నౌపడ స్టేషన్‌లో దిగాను. పక్కన గుణుపురం వెళ్లే చిన్న రైలు ఆగి ఉంది. టానిక్ సీసాలో మడి నీళ్లు పట్టుకెళ్లి సూక్ష్మజీవుల్ని పెంచే మామూలు మీడియం మీద వేస్తే ఏమీ మొలవలేదు. నూటికి 25 పాళ్లు ఉప్పు కలిపి మళ్లీ వేశాను. రెండు వారాలైనా ఖాళీయే. పారేయబోతే మా గైడ్ వద్దన్నారు. పందొమ్మిదో రోజు ఆవగింజల్లాంటి ఎర్ర చుక్కలు! ఆ సంతోషం నాకిప్పటికీ గుర్తే.

ఇక మీ బంధువుగారి మాట. స్పెయిన్‌లో అలికాంటె యూనివర్సిటీ ఉంది. అక్కడ ఫ్రాన్సిస్కో మొహికా అనే విద్యార్థి తన ఊరి దగ్గర్లోని శాంటా పోలా ఉప్పు మడుల్లో దొరికిన ఇలాంటి జీవి మీదే పీహెచ్‌డీ చేశాడు. దాని డీఎన్‌ఏలో 30 అక్షరాల ముక్క ఒకటి, మధ్యలో కొంచెం ఎడం వదులుతూ, పదే పదే కనిపించింది. జపాన్‌లోని ఒసాకా యూనివర్సిటీ వాళ్లు 1987లోనే ఈకోలై అనే బ్యాక్టీరియాలో ఇలాంటివి చూశారు గానీ అవెందుకున్నాయో ఎవరికీ తెలియదు. మొహికా వదల్లేదు. 1993లో పేపరు వేశాడు. పదేళ్ల తర్వాత, 2003లో, ఆ ఎడంలో ఉన్నవి వైరస్‌ల ముక్కలని గుర్తుపట్టాడు. ఒకసారి దాడి చేసిన వైరస్ ఆనవాలును ఆ జీవి దాచుకుంటోందన్నమాట. పెద్ద సైన్స్ పత్రికలు వేసుకోలేదు. 2005లో గానీ అది అచ్చు కాలేదు.

ఆ ఏర్పాటు పేరే క్రిస్పర్. దాన్నే డీఎన్‌ఏను కోరిన చోట కత్తిరించే పనిముట్టుగా మలిచి 2012లో ప్రకటించినందుకు జెన్నిఫర్ డౌడ్నా, ఇమాన్యుయెల్ షార్పెంటియేలకు 2020లో నోబెల్ వచ్చింది. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా క్రిస్పర్‌తో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బుకు చికిత్సను అనుమతించాయి. మన ఏజెన్సీ గూడేల్లో ఆ జబ్బుతో కీళ్ల నొప్పులకు విలవిల్లాడే పిల్లల్ని నేను చూశాను. అమెరికాలో ఆ చికిత్స ధర 22 లక్షల డాలర్లు, మన లెక్కలో 18 కోట్లకు పైనే. అది మన పిల్లలకు అందే ధరకు రావాలి. అందుకు ఈ విద్య తెలిసినవాళ్లు మన దగ్గరే తయారవ్వాలని నా ఆరాటం.

ఇలాంటిదే ఇంకొకటి. 2025లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు లారియోసిడిన్ అనే కొత్త యాంటీబయాటిక్‌ను ప్రకటించారు. అది దొరికిన మట్టి ఎక్కడిదనుకున్నావు? ల్యాబ్‌లో పనిచేసే ఒకరి పెరట్లోది. అందులోని బ్యాక్టీరియాను ఏడాది పాటు ఓపిగ్గా పెరగనిచ్చారు.

నీ ప్రాజెక్టుకు ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు పట్టు. ఒకే రోజు మూడు మడుల్లో తీసుకో: సముద్రపు నీరు పెట్టినది, మధ్యలోది, ఉప్పు దిగేది. ఉప్పునీటి చిక్కదనం కొలిచే గాజు మీటరు నాన్నగారి దగ్గరుంటే ప్రతి సీసాకూ ఆ అంకె రాసుకో. ఏ మడి ఎప్పుడు ఎర్రబడుతుందో ఆయన నోటివెంట విని తేదీలతో నోట్‌బుక్‌లో రాయి. అది ఏ ల్యాబ్‌లోనూ దొరకని సమాచారం. మీడియం పోసిన ప్లేట్లను పాలిథిన్ కవర్లో చుట్టిపెట్టు, లేకపోతే మూడు వారాల్లో ఎండిపోతాయి. మొదటి చుక్క కనిపించిన రోజు నాకు ఉత్తరం రాయి తల్లీ.