పాత బోర్డుల మరమ్మతులో మా వాడికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈలో డిప్లొమా పూర్తి చేశాడు. ఈసెట్ రాసి బీటెక్‌లో చేరమంటే వినకుండా, ఫ్యాక్టరీ యంత్రాల పాత సర్క్యూట్ బోర్డులు బాగుచేసే షాపులో పనికి కుదిరాడు. ఆ బోర్డుల్లోని విడిభాగాలు చాలావరకు ఇప్పుడు తయారే కావడం లేదట. సరుకే దొరకని పనిని నమ్ముకుంటే రేపు వాడి గతి ఏమిటి?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: సరుకు దొరకకపోవడం వల్లనే ఆ షాపు నడుస్తోందండీ. ఇరవై ఏళ్ల నాటి సీఎన్‌సీ యంత్రంలో (కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని కోసే యంత్రం) ఇనుము చెక్కుచెదరదు, దాన్ని నడిపే బోర్డు మాత్రం మొరాయిస్తుంది. కంపెనీని అడిగితే ఆ మోడల్ ఆపేశాం, కంట్రోలర్ మొత్తం మార్చుకోండి అంటారు. అది లక్షల్లో మాట, పైగా అన్నాళ్లూ యంత్రం ఖాళీ. బాలానగర్, జీడిమెట్లల్లోని మెషిన్ షాపులైనా, గుంటూరు చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లులైనా అప్పుడే మీ అబ్బాయి చేస్తున్న పని తెలిసినవాళ్లను వెతుక్కుంటాయి.

ఈ అవసరం ఇప్పట్లో తీరేదీ కాదు. 1976లో వచ్చిన జడ్80 ప్రాసెసర్‌ను జైలాగ్ కంపెనీ 2024 దాకా తయారుచేసింది. ఆ ఏప్రిల్‌లో ఆపేస్తున్నామని ప్రకటించి, జూన్ 14 వరకే చివరి ఆర్డర్లు తీసుకుంది. దాని మీద నడిచే యంత్రాలు మాత్రం ఆ రోజుతో ఆగిపోలేదు కదా!

నన్నడిగితే మీరు కనిపెట్టాల్సింది విడిభాగాలు దొరుకుతాయా అని కాదు, వాడు అక్కడ ఏం నేర్చుకుంటున్నాడని. పోయిన ఐసీ (చిప్) మీది నంబరు పట్టుకుని కోఠి గుజరాతీ గల్లీ నుంచి చెన్నై రిచీ స్ట్రీట్ దాకా ఫోన్లు చేయడం ఎవరైనా చేస్తారు. ఒక్కోసారి దొరుకుతుంది కూడా, అయితే పైపొర రుద్ది కొత్త నంబరు అచ్చువేసిన నకిలీ కావచ్చు. ఆ ఐసీ సర్క్యూట్‌లో ఏం పని చేస్తోందో డేటాషీట్, అంటే కంపెనీ ఇచ్చే వివరాల పత్రం, చదివి తెలుసుకున్నవాడికి ఇంకో దారి కనిపిస్తుంది. పాత 74ఎల్‌ఎస్ రకం లాజిక్ చిప్ స్థానంలో 74హెచ్‌సీటీ చాలాచోట్ల సరిపోతుంది. పేరు ఒకేలా ఉంది కదా అని 74హెచ్‌సీ పెడితే చిక్కే, ఎందుకంటే పాత చిప్‌లు పంపే వోల్టేజీ దానికి చాలకపోవచ్చు. బోర్డు బెంచీ మీద బాగానే నడిచి, ఫ్యాక్టరీలో వేడెక్కాక తప్పులు చేస్తుంది. ఒక్క అక్షరం తేడాకు వారం రోజులు పోతాయి.

ఇంకొకటి చూడండి. చాలా పాత కంట్రోలర్లలో డీఎస్12887 అనే గడియారం చిప్ ఉంటుంది. దాని లిథియం బ్యాటరీ ప్లాస్టిక్ పెట్టె లోపలే మూసేసి ఉంటుంది, ఆయుష్షు సుమారు పదేళ్లు. అది అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ అందులోని సెట్టింగులు చెరిగిపోతాయి. కొత్తదని కొన్న చిప్ కూడా గోదాములో ఏళ్ల తరబడి మగ్గి, బ్యాటరీ చచ్చే రావచ్చు. పనివాడైతే పెట్టెను మెల్లగా అరగదీసి, లోపలి బ్యాటరీ తీగలను తెంపి, బయట ఒక బిళ్ల బ్యాటరీ కడతాడు. వందలోపు ఖర్చు.

యంత్రాన్ని నడిపే ప్రోగ్రాం దాచి ఉంచే ఈప్రామ్‌ల సంగతి మరీ ముఖ్యం. నడినెత్తిన గాజు కిటికీ, దాని మీద స్టిక్కరు ఉన్న చిప్‌లవి. ఖాళీ చిప్ ఎలాగోలా దొరుకుతుంది, అందులోని ప్రోగ్రాం దొరకదు. అందుకే బోర్డు బల్ల మీదికి రాగానే ముందు ఆ ప్రోగ్రాం కాపీ తీసి భద్రపరచాలి. ఈ అలవాటు లేని షాపులో పని నేర్చుకోవడం కన్నా నేర్చుకోకపోవడమే మేలు.

ఇక కష్టం వైపు. మొదటి రెండు మూడేళ్లు జీతం మీ బంధువుల పిల్లల సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చేలా ఉండదు. లోపలి ప్రోగ్రాం చదవనివ్వకుండా తాళం వేసిన మైక్రోకంట్రోలర్ చిప్ పోతే, ప్రోగ్రాం కాపీ లేకపోతే, ఎంతటి నిపుణుడైనా బోర్డు తిప్పి పంపాల్సిందే. ప్రమాదమూ ఉంది. మోటారు వేగాన్ని అదుపు చేసే 415 వోల్టుల డ్రైవ్ లోపల డీసీ వైపు సుమారు 590 వోల్టులు ఉంటుంది, కరెంటు తీశాక కూడా కెపాసిటర్లలో కాసేపు నిలిచి ఉంటుంది. మీటరు పెట్టి చూడకుండా చెయ్యి పెట్టకూడదని వాడికి మీరూ ఒకసారి గట్టిగా చెప్పండి.

ఈసెట్ ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాదైనా రాయవచ్చు, నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. బెంచీ మీద ఒక ఏడాది కూర్చున్న కుర్రాడికి అనలాగ్ సర్క్యూట్లు పుస్తకంలో కన్నా బాగా తలకెక్కుతాయి, కాబట్టి ఇప్పుడే బలవంతపెట్టకండి. షాపు నచ్చకపోతే కేంద్ర ప్రభుత్వ నాట్స్ పథకంలో డిప్లొమా వాళ్లకు ఏడాది అప్రెంటిస్‌షిప్ ఉంది, స్టైపెండ్ ఇస్తారు.

ఈలోగా ఒకసారి ఆ షాపుకు వెళ్లి యజమానితో మాట్లాడండి. మీ అబ్బాయిని మీటరు, ఆసిల్లోస్కోప్ (సిగ్నళ్లను తెర మీద చూపే పరికరం) ముందు కూర్చోబెట్టి తప్పు ఎక్కడుందో వెతకనిస్తున్నారా, లేక పాత టంకం ఊడదీయించడం, పార్సెళ్లు మోయించడంతోనే సరిపెడుతున్నారా అని అడగండి. చేరిన ఆరు నెలల తరువాత కూడా రెండోదే అయితే, మార్చాల్సింది షాపును. పనిని కాదు.