ఐడహోలోని సిటీ ఆఫ్ రాక్స్ అంత దూరం వెళ్లి చూడదగినదేనా?

తప్పకుండా చూడదగినదే. అమెరికాలోని ఐడహో రాష్ట్రపు దక్షిణ అంచున, ఆల్మో అనే చిన్న ఊరి దగ్గర ఉందీ రాళ్ల లోయ. ట్విన్ సిస్టర్స్ అనే జంట శిఖరాలను తీరిగ్గా చూడండి. పక్కపక్కనే నిలిచినా ఒకదాని శిల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు, రెండోదానిది 3 కోట్ల ఏళ్లలోపే. అడుగున గట్టిపడిన కొత్త గ్రానైట్, పైపొరలు కోతకు గురై, పాత శిల సరసన బయటపడింది.

నా దృష్టిలో అసలు నిధి క్యాంప్ రాక్. 1840ల నుంచి కాలిఫోర్నియా బాటలో సాగిన వలస కుటుంబాలు ఇక్కడ బండ్లు ఆపి, ఇరుసులకు పూసే కందెనతోనే బండ మీద పేర్లు రాసుకున్నాయి. కొన్ని నేటికీ చదవగలం. దయచేసి వాటిని తాకకండి, చేతి చెమట సోకినా పాడవుతాయి. 1869లో అమెరికా తూర్పు, పడమరలను కలిపే రైలుమార్గం పూర్తయ్యాక ఈ బాటలో బండ్ల రాక బాగా తగ్గిపోయింది.

లోపల ఉన్నది కంకర రోడ్డు. శీతాకాలంలో మంచు కప్పేస్తుంది కనుక జూన్, సెప్టెంబరు నెలలు మేలు. పెట్రోలు ముందే నింపుకోండి, తాగునీళ్లు దండిగా తీసుకెళ్లండి. ఫోను సిగ్నల్‌ను నమ్ముకోకుండా కాగితం మ్యాపు దగ్గర ఉంచుకోండి.